మఖాడిఖాడి ఉప్పు మైదానాల్లో సొంత బండి, టెంటు రాత్రులు: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

జూన్ వచ్చి ఇక్కడ చలికాలం మొదలైందంటే, బోట్స్వానా రాజధాని గబరోన్‌లో మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒక ప్రశ్న వస్తుంది. "ఈసారి ఉప్పు మైదానాలకు వెళ్దామనుకుంటున్నాం. కుబుకి వెళ్ళమంటారా, నై పాన్‌కా?" హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి జొహన్నెస్‌బర్గ్‌లో దిగి, బండి అద్దెకు తీసుకుని రావాలనుకునేవాళ్ళు కూడా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ముందు నేను రెండు విషయాలు అడుగుతాను. మీవి ఎన్ని బండ్లు? అక్కడ చివరి వాన పడి ఎన్నాళ్ళయింది? ఈ రెండూ తెలిస్తే జవాబు దాదాపు దానంతటదే తేలుతుంది. తెలియకుండా ఫొటోలు చూసి చోటు ఎంచుకున్నవాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ముందు ఆ నేల గురించి. బోర్డు మీద ఇంగ్లీషులో 'జీ' అక్షరం కనిపించినా, ఇక్కడి భాష సెట్స్వానాలో దాన్ని గొంతులోంచి 'ఖ' లాగా పలుకుతారు కాబట్టి మఖాడిఖాడి అని రాస్తున్నాను. ఉత్తర బోట్స్వానాలో ఒకప్పుడు మహా సరస్సు ఉండేది. వేల ఏళ్ళ క్రితం అది ఎండిపోయి, అడుగున మిగిలిన నేలే ఇప్పటి ఈ మైదానాలు. తూర్పున సువా, పడమర ఎన్‌ట్వెట్వే అనే రెండు పెద్ద మైదానాలు. వాటికి ఉత్తరాన, కొంచెం విడిగా, నై పాన్. మన నౌపడలోనో చినగంజాంలోనో చూసిన ఉప్పు మళ్ళను ఊహించుకుని రాకండి. అవి గట్లు కట్టి, సముద్రపు నీరు పెట్టి మనిషి చేసుకున్న మళ్ళు. ఇక్కడ గట్టు లేదు, చెట్టు లేదు. కొన్నిచోట్ల ఎటు చూసినా నేల, ఆకాశం తప్ప మూడోది కనిపించదు.

ఆ తెల్లటి నేల చూడ్డానికి సిమెంటు గచ్చులా ఉంటుంది. పైన ఎండిన చెక్కు, దాని కింద చాలాచోట్ల తడి బంక మన్ను. వాన వెలిసిన రెండు రోజులకు నల్లరేగడి చేలోకి ట్రాక్టర్ దించినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పైకి ఆరినట్టే ఉంటుంది, బరువు పడగానే దిగబడుతుంది. తేడా ఏమిటంటే చేలో అయితే పక్క చేనివాళ్ళు వస్తారు. ఇక్కడ తర్వాతి బండి ఆ సాయంత్రం రావచ్చు, మూడు రోజులకు రావచ్చు.

మా మొదటి ప్రయాణం ఒక ఏప్రిల్‌లో. ఒకే బండి, మేమిద్దరం, పిల్లలిద్దరు. వానలు ఆగిపోయాయని ఎవరో చెబితే నమ్మాం. ఉన్న బాట వదిలి, దగ్గర దారి అనిపించిన చోట నేరుగా కోశాం. రెండు నిమిషాల్లో వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. జాకీ పెడితే బండి లేవలేదు, జాకీయే కిందికి దిగింది. దాని కింద వేయడానికి చెక్క ఉండాలన్న సంగతి అప్పుడు తెలిసింది. అద్దెకిచ్చినవాళ్ళు ఉందని చెప్పిన పార, తీరా వెతికితే బండిలో లేదు. ఏడు గంటలు గిన్నెలతో మట్టి తోడాం. దూరంగా పశువుల దొడ్డి నుంచి గుర్రం మీద వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కొడుకు సాయం చేయకపోతే ఆ రాత్రి అక్కడే. వెళ్ళేముందు ఆయన ఒక్క మాట చెప్పాడు: పాత చక్రాల గుర్తులు లేని చోట నువ్వు మొదటివాడివి కావద్దు. అప్పటి నుంచి ఆ మాట దాటలేదు.

ఇప్పుడు దారుల సంగతి చూద్దాం.

నాటా, గ్వేటా: మొదటిసారి వచ్చేవాళ్ళకి

ఒకే బండి, అదీ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవరుండేది) కాదు, పిల్లలు చిన్నవాళ్ళు లేదా అమ్మానాన్నలు వెంట ఉన్నారు అంటే ఇక ఆలోచించకండి, ఈ రెండు ఊళ్ళే. ఫ్రాన్సిస్‌టౌన్ నుంచి నాటా సుమారు 190 కిలోమీటర్లు. నాటా నుంచి మావున్ పట్నం వైపు 100 కిలోమీటర్లు వెళ్తే గ్వేటా. అంతా తారు రోడ్డే.

నాటాకి దక్షిణాన, సువా మైదానం అంచున పక్షుల అభయారణ్యం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కలిసి నడుపుతారు. మంచి వానలు పడిన ఏడు జింబాబ్వే వైపు నుంచి నాటా నది నీళ్ళు తెచ్చి సువాలోకి వదులుతుంది. అప్పుడు రాజహంసలు, గూడబాతులు వేలల్లో దిగుతాయి. పులికాట్‌లో, నేలపట్టులో చూసిన పక్షులు గుర్తొస్తాయి కానీ ఇక్కడి విస్తీర్ణం వేరు. వానల్లేని నెలల్లో మాత్రం నీళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయి, పక్షుల కోసమే వస్తే నిరాశ తప్పదు.

గ్వేటా దగ్గర తారు రోడ్డు పక్కనే లావాటి మొదళ్ళుండే పెద్ద పెద్ద బావోబాబ్ చెట్ల కింద టెంటు వేసుకునే చోటుంది. వేడినీళ్ళు, మరుగుదొడ్డి, భోజనం అన్నీ దొరుకుతాయి. వానల్లేని నెలల్లో అక్కడి గైడ్లే మిమ్మల్ని ఎన్‌ట్వెట్వే మీదికి తీసుకెళ్ళి, ఆరుబయట పరుపులు వేసి పడుకోబెట్టి, తెల్లవారాక తీసుకొస్తారు. మనుషులకు అలవాటుపడిన మీర్‌క్యాట్లను (ముంగిసలాంటి చిన్న జంతువులు) దగ్గరగా చూపించేదీ ఇక్కడే. పొద్దున్నే కలుగులోంచి బయటికొచ్చి, పొట్ట ఎండకు పెట్టి నిలబడతాయి. మా చిన్నదానికి ఆ ప్రయాణం మొత్తంలో గుర్తున్నది అదొక్కటే.

"సొంత డ్రైవింగ్ అన్నాం, గైడ్‌తో వెళ్తే ఇంకేం సరదా?" అంటారు కొందరు. గ్వేటా దాకా మీరే నడిపారు. ఆఖరి ముప్పై కిలోమీటర్లు ఆ నేల తెలిసినవాళ్ళ చేతికిస్తే, బండి దిగబడుతుందేమోనన్న టెన్షన్ లేకుండా ఆ రాత్రి ఆకాశం చూడొచ్చు. మొదటిసారికి ఇది చాలా మంచి బేరం.

నై పాన్, బెయిన్స్ బావోబాబ్‌లు: జంతువులు కూడా కావాలనుకుంటే

ఇది నేషనల్ పార్కు. మావున్, నాటా రోడ్డు మీద నుంచి ఉత్తరానికి తిరగాలి. ఇక్కడ సమస్య బురద కాదు, ఇసుక. గేటు దాటాక లోపలి క్యాంపు దాకా లోతైన ఇసుక బాట. రెండు చక్రాలకే పవరుండే బండి పనికిరాదు. పేరుకి ఆల్ వీల్ డ్రైవ్ అయినా కింద ఎత్తులేని సిటీ ఎస్‌యూవీ కూడా పనికిరాదు. కానీ నిజమైన ఫోర్ బై ఫోర్ ఉండి, టైర్లలో గాలి తగ్గించడం తెలిస్తే ఒకే బండితో కూడా వెళ్ళొచ్చు. పార్కు కాబట్టి వానల్లేని నెలల్లో రోజుకి కొన్ని బండ్లయినా ఆ బాటలో తిరుగుతాయి. అందుకే ఒంటరి బండికి కుబు కన్నా నై పాన్ క్షేమం అంటాను.

కుడియాకమ్ అనే చిన్న ఉప్పు మైదానం ఒడ్డున ఒక బావోబాబ్‌ల గుంపు ఉంది. 1862లో థామస్ బెయిన్స్ అనే చిత్రకారుడు వాటి బొమ్మ గీశాడు. ఆ బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఇప్పటికీ చెట్లు పెద్దగా మారలేదు. అక్కడ టెంటు చోట్లు మూడే. నీళ్ళు లేవు, కంచె లేదు. నెలల ముందే నిండిపోతాయి. దొరక్కపోతే లోపల సౌత్ క్యాంపులో స్నానాల గదులున్నాయి. వాటిలోకి నీళ్ళ కోసం ఏనుగులు రాకుండా చుట్టూ నేలలో ఇనుప మొనలు దిగేసి ఉంటాయి, పిల్లల్ని చెప్పుల్లేకుండా అటు వదలకండి.

వానాకాలంలో బాగుండే చోటు కూడా ఇదే. నవంబర్ నుంచి మార్చి దాకా మిగతా మైదానాలు మూతపడినట్టే ఉంటే, నై పాన్ గడ్డితో పచ్చబడుతుంది. చోబె నది వైపు నుంచి చారల గుర్రాలు మందలు మందలుగా ఇక్కడికి వస్తాయి. రానుపోను సుమారు 500 కిలోమీటర్ల ఆ వలసను మెడపట్టీలు కట్టి గమనించిన పరిశోధకులు 2014లో బయటపెట్టారు. ఇన్నేళ్ళూ పక్కనే ఉన్న మనుషులకు తెలియకుండా అంత దూరం నడిచాయంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఖర్చులో మాత్రం ఇదే ఎక్కువ. పార్కు రుసుము వేరు, క్యాంపు నడిపేవాళ్ళ రుసుము వేరు. నలుగురున్న కుటుంబానికి రెండు రాత్రులంటే ముందే లెక్కేసుకోవాలి.

బొటేటి నది ఒడ్డున ఖుమాగా క్యాంపు గురించి కూడా అడుగుతుంటారు. జూన్ నుంచి అక్టోబర్ దాకా చారల గుర్రాలు, ఏనుగులు నీళ్ళకి అక్కడికే వస్తాయి. చాలా మంచి చోటు. కాకపోతే ఉప్పు మైదానం అనుభవం కోసం వచ్చేవాళ్ళకి అది నది ప్రయాణమే అవుతుంది.

కుబు: రెండు బండ్లుంటేనే

ఇక అందరూ అడిగే కుబు. సువా మైదానానికి నైరుతి మూలన, ఒక కిలోమీటరు పొడవున్న నల్లరాతి గుట్ట. పది మీటర్ల ఎత్తుంటుందేమో. ఆ రాళ్ళ మధ్య బావోబాబ్‌లు, చుట్టూ మూడు వైపులా తెల్లటి శూన్యం. రాళ్ళ మీద తెల్లటి పూత కనిపిస్తుంది. సరస్సు ఉన్న కాలంలో పక్షులు వేసిన రెట్ట అది, రాయై గట్టిపడింది. గుట్ట మీద ఎవరో ఎప్పుడో సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఇది పవిత్ర స్థలం. మన ఊళ్ళో కొండ మీద దేవుడి దగ్గర ఎలా ఉంటామో అలాగే ఉండాలి. చెట్లెక్కడం, రాళ్ళు జేబులో వేసుకోవడం వద్దు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అందుకే దీని గురించి గట్టిగా చెబుతున్నాను. మే నెలాఖరు దాటాక, రెండు బండ్లతో, మాట్షుమో ఊరి మీదుగా వెళ్ళి, అదే దారిన తిరిగి రండి. దారిలో లెట్లకానే పట్నంలో డీజిల్, నీళ్ళు, కట్టెలు నింపుకోండి. ఆ తర్వాత ఏమీ దొరకవు. మాట్షుమోలో ఆగి, నిన్నా మొన్నా అటు నుంచి ఎవరైనా వచ్చారా, దారి ఆరిందా అని అడగండి. టెంటు చోట్లు చూసుకునే గేయింగ్-ఓ కమ్యూనిటీ ట్రస్టు ఆ ఊరిదే, వాళ్ళ మాటకి మించిన మ్యాపు లేదు. అక్కడి నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు. గంటలో పోతామనుకోవద్దు, రెండు గంటలు పెట్టుకోండి. గుట్ట దగ్గర గుంట మరుగుదొడ్లు తప్ప నీళ్ళు లేవు, కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఉత్తరం నుంచి, అంటే గ్వేటా నుంచి ఎన్‌ట్వెట్వేని అడ్డంగా దాటి కుబు చేరే దారి, నాటాకి పడమరగా దిగి థాబాట్షుకుడు మీదుగా వచ్చే దారి కూడా మ్యాపుల్లో ఉంటాయి. "మైదానాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి దాటాం" అని చెప్పుకోవాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. మొదటిసారి మాత్రం వద్దు. కారణం సులువే: వచ్చిన దారినే వెనక్కి వెళ్తే ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో మీకు ముందే తెలుసు. అడ్డంగా దాటితే ప్రతి కిలోమీటరూ కొత్తదే.

ఒకే బండితో కుబు వెళ్ళాలంటే? జూలైలో, సెలవుల రోజుల్లో, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం చేతిలో ఉంటే, తిరిగొచ్చే టైము ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్తే, ఒప్పుకుంటాను. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా వద్దంటాను.

ఏ నెల?

జూన్, జూలై నేల గట్టిగా ఉంటుంది, పగలు హాయిగా ఉంటుంది. రాత్రి చలి మాత్రం సున్నా దగ్గరికి దిగుతుంది. మనవాళ్ళు ఆఫ్రికా అనగానే పల్చటి దుప్పట్లు తెస్తారు. ఉన్ని టోపీలు, మంచి స్లీపింగ్ బ్యాగులు తప్పనిసరి. ఆగస్టులో గాలి, ఉప్పు దుమ్ము. అక్టోబర్‌లో 40 డిగ్రీలు దాటుతుంది, నీడ లేని చోట పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు.

తేదీ ఖాయం చేసేముందు ఇంట్లో క్యాలెండర్ తీసి తిథి చూడండి. పౌర్ణమికి కుబులో టార్చి అక్కర్లేదు, నేలంతా పాలు పోసినట్టు ఉంటుంది. అమావాస్యకి పాలపుంత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. నేనైతే అమావాస్య వైపే. జూన్ చివర్లో రాత్రి పదకొండు ప్రాంతంలో వృశ్చికం నెత్తి మీదికి వస్తుంది. మనూళ్ళో దక్షిణాన సగం ఎత్తులో చూసే జ్యేష్ఠా నక్షత్రం ఇక్కడ దాదాపు నడినెత్తిన ఎర్రగా కనిపిస్తుంది. మా నాన్నగారు అది చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బండి, టెంటు

ఉప్పు మైదానం మీద బరువే శత్రువు. ల్యాండ్ క్రూజర్ మొండి బండి, ఇసుకలో దానికి సాటి లేదు. అయినా నలుగురికి డబుల్ క్యాబిన్ హైలక్స్ చాలు, తేలిక కూడా. ఆ మిగిలిన డబ్బుతో రెండో కుటుంబాన్ని కలుపుకుని రెండో బండి తీసుకోండి. ఒక పెద్ద బండి కన్నా రెండు మామూలు బండ్లు ఎప్పుడూ మేలు.

బండి పైన విప్పే టెంటా, నేల మీద వేసేదా? నై పాన్‌లో కంచె లేదు, సింహాలు తిరుగుతాయి, కాబట్టి పైదే నిశ్చింత. కానీ నిచ్చెన ఉంది. అరవై దాటినవాళ్ళు రాత్రి రెండుసార్లు దిగి ఎక్కాలంటే కష్టం. పైగా బండి కదిలించాలంటే టెంటు మడవాల్సిందే. కుబు దగ్గర పెద్ద జంతువులు అరుదు కాబట్టి పెద్దవాళ్ళకి నేల టెంటే నయం. మేము పిల్లలతో పైన, అమ్మానాన్నలకి కింద అని రెండూ తీసుకెళ్ళాం.

బండి తీసుకునే రోజు తొందరపడకండి. పార, జాకీ, దాని కింద వేసే చెక్క, ఇసుక పలకలు, గాలి పంపు, గాలి కొలిచే మీటర్, రెండో స్టెప్నీ, ఇవన్నీ కాగితం మీద కాదు, మీ చేత్తో తీసి చూడండి. గాలి పంపు ఒకసారి ఆడించి చూడండి. తారు మీద 32 పీఎస్‌ఐ ఉంటే ఇసుకలోకి దిగేముందు 22 దాకా దించండి. తారెక్కాక మళ్ళీ నింపేదాకా నెమ్మదిగా నడపండి. పొడుగు గడ్డి బాటలో వెళ్తే గడ్డి గింజలు రేడియేటర్‌ని కమ్మేస్తాయి, సైలెన్సర్ దగ్గర ఎండుగడ్డి పేరుకుని అంటుకుంటుంది. గంటకోసారి ఆగి కిందికి వంగి చూడండి.

బోట్స్వానాలో మనలాగే ఎడమవైపు నడుపుతారు, అలవాటు పడక్కర్లేదు. చీకటి పడ్డాక మాత్రం రోడ్డెక్కకండి. ఆవులు, గాడిదలు తారు మీదే పడుకుంటాయి. దక్షిణాఫ్రికాలో తీసుకున్న బండి అయితే సరిహద్దు దాటడానికి అద్దె సంస్థ ఇచ్చే ఉత్తరం లేకుండా బయల్దేరొద్దు.

నీళ్ళు, తిండి

మనిషికి రోజుకి ఐదు లీటర్లు. నలుగురు మూడు రోజులంటే అరవై, దిగబడితే ఉంటుందని ఇంకో ఇరవై. ఎనభై లీటర్లు. ఇందులో స్నానం లెక్కలేదు.

దారిలో పశువుల రోగాల తనిఖీ గేట్లుంటాయి. గాలికుంటు వ్యాపించకుండా పచ్చి మాంసాన్ని ఒకవైపు నుంచి రెండోవైపుకి పోనివ్వరు, తీసేసుకుంటారు. చెప్పులు కూడా మందునీళ్ళలో ముంచమంటారు, విసుక్కోకండి, ఇక్కడివాళ్ళ బతుకంతా పశువుల మీదే. వంట సులువు చేసుకోవాలంటే మన తిండే నయం. మొదటి రోజుకి పులిహోర, తర్వాత వేయించి తెచ్చుకున్న రవ్వతో ఉప్మా, కందిపొడి, ఆవకాయ. చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి పెట్టుకుంటే నీళ్ళూ గ్యాసూ సగం మిగులుతాయి. లెట్లకానే కొట్లలో జొన్నపిండి దొరుకుతుంది. ఇక్కడివాళ్ళు చేసుకునే జొన్న బొహోబె మన జొన్న సంకటికి చుట్టమే, ఆవకాయతో బాగా కుదురుతుంది. కట్టెలు మాత్రం కొనుక్కునే వెళ్ళండి. గుట్ట మీద పడి ఉన్న ఎండుపుల్ల కూడా ముట్టుకోకూడదు. చెత్తంతా మీ సంచిలోనే వెనక్కి రావాలి.

దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం తిరిగిన కొద్దీ గుంత లోతవుతుంది. అందర్నీ దింపి, గాలి ఇంకా తగ్గించి, చక్రాల ముందూ వెనకా తవ్వి, పలకలు పెట్టి, వచ్చిన వైపుకే వెనక్కి తీయండి. విన్చి (బండిని తాడుతో లాగే యంత్రం) ఉన్నా కట్టడానికి చెట్టుండదు. స్టెప్నీని గుంట తీసి పాతిపెట్టి దానికి కట్టాలి. ఏం జరిగినా బండిని వదిలి నడిచి వెళ్ళొద్దు. నీళ్ళున్నదీ, నీడున్నదీ, దూరం నుంచి కనబడేదీ ఆ బండే.

తిరిగి తారెక్కాక మొదటి పట్నంలోనే బండి అడుగు భాగం మంచి నీళ్ళతో గట్టిగా కడిగించండి. ఆ ఉప్పు మన్ను రెండు వారాలుంటే ఇనుమును తినేస్తుంది, అద్దె బండైతే డిపాజిట్ నుంచి కోసేది కూడా దానికే.